పాత సెట్‌టాప్ బాక్సు, ఫ్రీ డిష్, డీవీడీ ప్లేయర్ అన్నీ పనిచేసేలా కొత్త టీవీని ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

కొత్త టీవీని గోడకు బిగించేశాక, పాత సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టడానికి చోటే కనిపించడం లేదని, ఇప్పుడేం చేయాలని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. కొందరికి చోటు దొరికినా బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోంది. మరికొందరికి బొమ్మ బాగానే ఉన్నా మాట వినబడటం లేదు. ఈ ఇబ్బందుల్లో చాలావరకు టీవీ కొనక ముందు ఒక పూట శ్రద్ధ పెడితే రాకుండా చేసుకోగలిగినవే.

ప్రకటనలలోనూ దుకాణాలలోనూ మనకు చూపించేది తెర మాత్రమే. పాత సిగ్నళ్లు అందుతాయా లేదా అన్నది తేలేది టీవీ వెనక వైపున. అందువల్ల ఈ మార్గదర్శి ఇంట్లో ఉన్న తీగల దగ్గర మొదలై, టీవీ వెనక ఉన్న పోర్టుల మీదుగా, చివరకు తెర దగ్గరకు వస్తుంది. కొనేటప్పుడు కూడా ఈ వరుసనే పాటించమని నా సలహా.

1. ముందుగా ఇంట్లో ఉన్న సిగ్నళ్ల జాబితా రాసుకోండి

దుకాణానికి వెళ్లే ముందు ప్రస్తుతం వాడుతున్న టీవీ వెనక్కి వెళ్లి, దానికి వచ్చి చేరే ప్రతి తీగా ఎక్కడ నుంచి వస్తోందో చూడండి. చీకటిగా ఉంటుంది కాబట్టి ఫోన్ లైటు వేసి, టీవీ వెనక వైపునూ, ప్రతి పెట్టె వెనక వైపునూ స్పష్టంగా ఫొటోలు తీసుకోండి. దుకాణంలో ఈ ఫొటోలే మీకు ఆధారం.

ప్రతి పెట్టెకూ సిగ్నల్ బయటకు వచ్చే దారులు ఏవేవి ఉన్నాయో చూడాలి. సాధారణంగా కనిపించేవి మూడు. పసుపు, ఎరుపు, తెలుపు రంగుల గుండ్రటి రంధ్రాలు ఏవీ (ఆడియో-వీడియో) అవుట్‌పుట్. వీటిలో పసుపు బొమ్మకు, ఎరుపు కుడి వైపు శబ్దానికి, తెలుపు ఎడమ వైపు శబ్దానికి. ఒకే ఒక లావుపాటి గుండ్రటి పిన్నుతో, పూర్వం యాంటెన్నా తీగ పెట్టినట్టు పెట్టేది ఆర్‌ఎఫ్. పలచగా, వెడల్పుగా ఉండేది హెచ్‌డీఎంఐ.

చాలామంది పొరబడేది ఇక్కడే. తమ సెట్‌టాప్ బాక్సును మూడు రంగుల తీగతో కలిపి ఏళ్ల తరబడి వాడుతున్నారు కాబట్టి దానికి హెచ్‌డీఎంఐ లేదనుకుంటారు. పెట్టె వెనక దుమ్ము తుడిచి చూస్తే హెచ్‌డీఎంఐ కూడా ఉండవచ్చు. అప్పుడు ఆ పెట్టె విషయంలో ఏ బెంగా అక్కరలేదు. ఒక హెచ్‌డీఎంఐ తీగ కొంటే సరిపోతుంది, బొమ్మ కూడా మెరుగవుతుంది.

జాబితాలో ఇవి ఉండేలా చూసుకోండి:

- కేబుల్ లేదా డీటీహెచ్ సెట్‌టాప్ బాక్సు: హెచ్‌డీఎంఐ ఉందా, ఏవీ మాత్రమేనా
- డీడీ ఫ్రీ డిష్ పెట్టె: ఎంపెగ్-2 రకమా, ఎంపెగ్-4 రకమా (ఇవి వీడియోను కుదించి పంపే పాత, కొత్త పద్ధతులు)
- డీవీడీ ప్లేయర్, వీసీఆర్, పాత వీడియో కెమెరా, పిల్లల వీడియో గేమ్
- అపార్ట్‌మెంటులో గేటు కెమెరా టీవీలో ఒక ఛానల్‌గా వస్తుంటే, అది ఏ తీగ ద్వారా వస్తోంది
- పై అంతస్తు నుంచో, పక్క గది నుంచో ఆర్‌ఎఫ్ తీగతో తెచ్చుకున్న రెండో కనెక్షన్

ఆఖరి రెండింటినీ ఎక్కువమంది మరచిపోతారు. హాల్లోని సెట్‌టాప్ బాక్సు నుంచి పడకగది టీవీకి ఒక ఆర్‌ఎఫ్ తీగ లాగి, రెండు చోట్లా ఒకే ఛానల్ చూసే ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. ఆ పడకగది టీవీని మార్చేటప్పుడు అనలాగ్ ట్యూనర్ (తీగలో వచ్చే పాత పద్ధతి సిగ్నల్‌ను ఛానల్‌గా పట్టే భాగం) లేని టీవీని తెస్తే, గోడలో నుంచి వచ్చిన ఆ తీగ వృథా అవుతుంది.

2. ఏ సిగ్నల్ ఇంకా వస్తోంది, ఏది ఆగిపోయింది

రాని సిగ్నల్ కోసం ఎక్కువ డబ్బు పెట్టి టీవీ కొనకూడదు కాబట్టి దీన్ని ముందే తేల్చుకోవాలి.

మేడ మీద అల్యూమినియం యాంటెన్నా పెట్టి దూరదర్శన్ చూసే అనలాగ్ ప్రసారాలను, కొన్ని వ్యూహాత్మక ప్రాంతాలను మినహాయించి, ప్రసార భారతి 2022 నాటికి ఆపివేసింది. ఆ యాంటెన్నా కోసం కొత్త టీవీలో వెతకవలసింది ఏమీ లేదు.

కేబుల్ తీగలో పెట్టె లేకుండా నేరుగా ఛానళ్లు వచ్చే పద్ధతి కూడా చట్టప్రకారం ముగిసింది. హైదరాబాదు, విశాఖపట్నం నగరాలకు 2013 మార్చి 31, చివరి దశలోని గ్రామీణ ప్రాంతాలకు 2017 మార్చి 31 ఇందుకు గడువులు. ఇప్పుడు కేబుల్ ప్రసారం డిజిటల్‌గా, తాళం వేసి వస్తుంది. దాన్ని తెరవడానికి ఆపరేటర్ ఇచ్చిన పెట్టే కావాలి.

మరి మిగిలిన పాత సిగ్నళ్లు ఏవి? ఆ పెట్టెల నుంచి టీవీ దాకా వచ్చే ఏవీ సిగ్నల్, పెట్టెలూ వీసీఆర్‌లూ పంపే ఆర్‌ఎఫ్ సిగ్నల్, అపార్ట్‌మెంట్లలోనూ లాడ్జీలలోనూ మాడ్యులేటర్ (బొమ్మను ఒక ఛానల్‌గా మార్చి తీగలో పంపే పరికరం) పెట్టి అన్ని గదులకూ పంపే అనలాగ్ సిగ్నల్, ఎంపెగ్-2 రూపంలో వచ్చే ఫ్రీ డిష్ ఛానళ్లు. కొత్త టీవీ అందుకోవలసినవి ఇవే.

3. టీవీ వెనక వైపు చూడవలసిన పోర్టులు

ఏవీ పోర్టు దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. విక్రేతను అడిగితే అన్ని టీవీలకూ ఏవీ ఉందనే చెబుతారు. అది ఏ రూపంలో ఉందన్నదే అసలు ప్రశ్న. నాలుగు రూపాలు ఉన్నాయి.

మొదటిది మూడు రంగుల రంధ్రాలు విడివిడిగా ఉండటం. ఉన్న తీగ ఉన్నట్టు పెట్టుకోవచ్చు. ఇది దొరికితే వెతుకులాట అక్కడితో ఆపవచ్చు.

రెండవది, ఆకుపచ్చ రంధ్రం ఒకటే బొమ్మకు రెండు విధాలుగా పనిచేయడం. పసుపు రంధ్రం కనిపించదు. ఆకుపచ్చ రంధ్రం చుట్టూ పసుపు వలయమో, పక్కన వీడియో అన్న అక్షరాలో ఉంటాయి. పసుపు పిన్నును అందులోనే పెట్టాలి. ఆ తరువాత రిమోట్‌లో కాంపొనెంట్‌కు (బొమ్మను మూడు తీగల్లో పంపే పద్ధతి) బదులు ఏవీ ఎంచుకోవాలి.

మూడవది, ఇయర్‌ఫోన్ రంధ్రంలా కనిపించే 3.5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం. దీనికి ఒక వైపు నాలుగు మెట్ల చిన్న పిన్ను, మరో వైపు మూడు రంగుల రంధ్రాలు ఉన్న పొట్టి తీగ అవసరం. ఆ పొట్టి తీగ టీవీ పెట్టెలో వస్తుందా, విడిగా కొనాలా అని ముందే అడగండి. బయట దొరికే అలాంటి తీగలన్నీ చూడటానికి ఒక్కలాగే ఉన్నా లోపల కలిపిన వరుస వేరువేరుగా ఉంటుంది. ఒక కంపెనీ తీగ మరో కంపెనీ టీవీకి కుదరకపోవచ్చు. పిన్ను మీద నల్లటి గీతలు మూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. రెండే ఉంటే అది శబ్దానికి మాత్రమే పనికొచ్చే తీగ, బొమ్మ రాదు.

నాలుగవది, ఏవీ పోర్టు అసలు లేకపోవడం. ఖరీదైన పెద్ద టీవీలలోనూ, పలచదనమే గొప్పగా చెప్పుకునే మోడళ్లలోనూ ఇది పెరుగుతోంది. ధర ఎక్కువైతే పోర్టులన్నీ ఉంటాయనుకోవడం సరికాదు. పాత పెట్టెల విషయంలో 32 అంగుళాల సాధారణ టీవీయే చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది.

ఇక ఏవీ అవుట్ అని రాసి ఉన్న రంధ్రాలను చూసి ఏవీ ఉందని సంతృప్తి పడవద్దు. అవి టీవీ నుంచి బయటకు బొమ్మనూ శబ్దాన్నీ పంపేవి. మనకు కావలసినది ఏవీ ఇన్.

ఆర్‌ఎఫ్ పోర్టులు రెండు రకాలు. నొక్కి పెట్టే పిన్నుకు సరిపోయే నున్నటి రంధ్రం యాంటెన్నా, కేబుల్ కోసం. బయట మరచుట్లు ఉండి తిప్పి బిగించేది ఉపగ్రహ సిగ్నల్ కోసం. రెండూ ఉన్న టీవీలో డిష్ తీగను తప్పుగా మొదటి దానికి పెట్టి ఛానళ్లు రావడం లేదనుకునేవారు ఉన్నారు.

హెచ్‌డీఎంఐ పోర్టులు కనీసం రెండు, వీలైతే మూడు ఉండాలి. ఇప్పుడు ఏవీతో నడిచే పెట్టెను రేపు ఆపరేటర్ మార్చితే హెచ్‌డీఎంఐ పెట్టె వస్తుంది. సౌండ్‌బార్ ఉంటే దానికి ఒకటి పోతుంది.

టీవీని గోడకు ఆనించి బిగిస్తే వెనక్కి నేరుగా చూసే పోర్టులలో తీగ పెట్టడానికి చోటు ఉండదు. ఏవీ పోర్టు పక్కకు ఉందా, కిందికి ఉందా, నేరుగా గోడ వైపు ఉందా అని గమనించండి.

4. లోపలి ట్యూనర్‌ను అర్థం చేసుకోండి

పోర్టు కనిపించినంత మాత్రాన లోపల దానికి తగిన ట్యూనర్ ఉందని చెప్పలేం. వివరాల పట్టికలో ఈ నాలుగు మాటలు వెతకండి.

అనలాగ్ ట్యూనర్, పాల్-బీ/జీ: ఆర్‌ఎఫ్ తీగతో వచ్చే పాత సిగ్నల్‌కు ఇదే కావాలి. భారతదేశంలో వాడుకలో ఉన్నది పాల్ రంగుల పద్ధతి, శబ్దానికి బీ/జీ పద్ధతి. వీసీఆర్‌కూ, అపార్ట్‌మెంటు మాడ్యులేటర్‌కూ, పక్క గది నుంచి వచ్చే తీగకూ ఇది లేకపోతే ప్రత్యామ్నాయం వెతుక్కోవాలి. ట్యూనర్ లేకుండా, ఇంటర్నెట్ ద్వారానే చూడమని అమ్మే తెరలు కూడా మార్కెట్లో ఉన్నాయి కాబట్టి దీన్ని తప్పక అడగండి.

డీవీబీ-టీ2: యాంటెన్నాతో అందుకునే డిజిటల్ ప్రసారం కోసం. దూరదర్శన్ 2016లో ఈ ప్రసారాలను 16 నగరాల్లో మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో హైదరాబాదు లేదు. తెలుగు రాష్ట్రాలలో దీని కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

డీవీబీ-సీ: డిజిటల్ కేబుల్ కోసం. ఇది ఉంటే పెట్టె అక్కరలేదని దుకాణంలో ఎవరైనా చెబితే నమ్మవద్దు. కేబుల్ ఛానళ్లకు తాళం ఉంటుంది. ఆ తాళం తీసేది ఆపరేటర్ పెట్టెలోని కార్డు లేదా సాఫ్ట్‌వేర్.

డీవీబీ-ఎస్2: ఉపగ్రహ సిగ్నల్ కోసం. ఫ్రీ డిష్ చూసేవారికి ఇది నిజంగా ఉపయోగపడుతుంది. మేడ మీది డిష్ తీగను నేరుగా టీవీకే పెట్టి, విడిగా పెట్టె లేకుండా, డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వంటి తాళం లేని ఛానళ్లను చూడవచ్చు. ఇలా ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉన్న టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. వివరాల పట్టికలో డీవీబీ-ఎస్2 స్పష్టంగా రాసి ఉందో లేదో చూడటమే కొనేవారికి తేలిక దారి.

ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-2 పద్ధతిలోనూ, కొన్ని ఎంపెగ్-4 పద్ధతిలోనూ వస్తాయి. పాత ఎంపెగ్-2 పెట్టె రెండో రకాన్ని చూపించలేదు. ఎస్2 ట్యూనర్ ఉన్న టీవీ తాళం లేనంతవరకు రెండు రకాలనూ అందుకుంటుంది. కనుక పాత పెట్టెతో ఫ్రీ డిష్ చూసే ఇంటికి ఏవీ పోర్టు కంటే ఈ ట్యూనరే మేలు. అయితే డబ్బు కట్టి చూసే డీటీహెచ్ ఛానళ్లు దీనితో రావు. వాటికి ఆ సంస్థ పెట్టె తప్పదు.

5. తెర పరిమాణం: ఇక్కడే ఎక్కువ నిరాశ

పోర్టులన్నీ కుదిరాక కూడా పాత టీవీలోనే బొమ్మ బాగుండేదని చాలామంది బాధపడతారు. టీవీలో లోపం లేకపోయినా అలా కనిపించడానికి లెక్క ఉంది.

పాత ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు స్పష్టత) సిగ్నల్‌లో బొమ్మకు 720 అడ్డం, 576 నిలువు చుక్కలు ఉంటాయి. మొత్తం 4,14,720. హెచ్‌డీ రెడీ టీవీకి 1366 అడ్డం, 768 నిలువు, అంటే ఎస్‌డీకి రెండున్నర రెట్లు. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా అయిదు రెట్లు. 4కే తెరకు 3840 అడ్డం, 2160 నిలువు, అంటే ఇరవై రెట్లు. సిగ్నల్ పంపిన ఒక్కో చుక్క నుంచి ఇరవై చుక్కలను టీవీ ఊహించి నింపాలి. ఆ ఊహ ఎంత బాగున్నా ముఖాలు మెత్తబడతాయి, కింద స్క్రోలింగ్ అక్షరాల అంచులు మసకబారతాయి.

కాబట్టి ఇంట్లో ఎక్కువ సమయం చూసేది ఎస్‌డీ ఛానళ్లే అయితే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ గానీ, 43 అంగుళాలకు మించని ఫుల్ హెచ్‌డీ టీవీ గానీ తీసుకోవడం మంచిది. 55 అంగుళాల 4కే తీసుకోవాలనుకుంటే, ఆపరేటర్‌ను అడిగి పెట్టెను హెచ్‌డీ రకానికి మార్చుకునే ఖర్చును కూడా టీవీ ధరలో కలిపి లెక్కవేయండి. పెద్ద తెర మీద ఎస్‌డీ చూడవలసి వస్తే కూర్చునే చోటును వెనక్కి జరపడం ఒక్కటే నికరమైన ఉపాయం.

మరొక సంగతి. పాత కార్యక్రమాలు 4:3 ఆకారంలో ఉంటాయి, కొత్త తెర 16:9. సరైన ఆకారంలో చూస్తే తెర వెడల్పులో నాలుగింట మూడు వంతులు మాత్రమే నిండి, రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. ఆ పట్టీలు నచ్చక బొమ్మను సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనబడతారు. పట్టీలతో చూడటమే సబబు.

6. దుకాణంలో పరీక్షించే వరుస

మీ సెట్‌టాప్ బాక్సును దుకాణానికి తీసుకువెళ్లినా అక్కడ సిగ్నల్ ఉండదు. అయినా మెనూ తెర వస్తుంది, అదే చాలు. దాన్ని విప్పి తేవడం కష్టమైతే డీవీడీ ప్లేయర్‌ను, మూడు రంగుల తీగను తీసుకువెళ్లండి. షోరూములు దీనికి అంగీకరిస్తాయా అని సంకోచించవద్దు. ఖరీదైన వస్తువు కొంటున్నప్పుడు అడగడం మీ హక్కు.

1. గోడకున్న టీవీని పక్కకు తిప్పించి, వెనక భాగాన్ని కళ్లారా చూడండి. తిప్పడం కుదరకపోతే ఫోన్ కెమెరాను వెనక్కి పెట్టి వీడియో తీయండి.
2. మీ జాబితాలోని ఒక్కో పెట్టెకూ ఏ పోర్టు వాడతారో వేలితో చూపించి సరిచూడండి. పోర్టుల సంఖ్య తక్కువైతే అక్కడే తెలుస్తుంది.
3. ఏవీ తీగ పెట్టి, రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చి, బొమ్మ రంగుల్లో వస్తోందా, శబ్దం రెండు వైపులా వస్తోందా చూడండి.
4. మెనూలో ఛానళ్ల ట్యూనింగ్ భాగానికి వెళ్లి అనలాగ్ అనే ఎంపిక ఉందా చూడండి. ఉపగ్రహ ట్యూనర్ ఉందన్నారంటే శాటిలైట్ అన్న ఎంపిక కూడా కనిపించాలి.
5. టీవీ ఆన్ చేసిన ప్రతిసారీ యాప్‌ల పేజీకి వెళుతుందా, లేక ఆఖరున చూసిన ఇన్‌పుట్‌కే నేరుగా వెళ్లేలా పెట్టుకోవచ్చా అడగండి.

అయిదవది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అదే ముఖ్యం. రోజూ సెట్‌టాప్ బాక్సు మాత్రమే చూసే అమ్మమ్మగారో తాతగారో, టీవీ వేయగానే యాప్‌ల పేజీ వస్తే అక్కడి నుంచి ఏవీకి రావడం తెలియక ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆఖరి ఇన్‌పుట్‌తో మొదలయ్యే ఏర్పాటు ఉన్న టీవీని వారి కోసం వెతికి కొనడం సమంజసం.

7. ఆన్‌లైన్‌లో కొనేవారికి

ఒకే పేరుతో, ఒకే పరిమాణంలో, ఏడాదికొక మోడల్ వస్తుంది. వాటి మధ్య తేడా తరచుగా పోర్టులలోనే ఉంటుంది. అందువల్ల నిరుడు పక్కింటివారు కొన్న టీవీని చూసి ఈ ఏడాది అదే పేరు మీద కొనకండి.

- మోడల్ సంఖ్యను చివరి అక్షరం దాకా రాసుకోండి.
- ఆ సంఖ్యతోనే తయారీ సంస్థ వెబ్‌సైటులో వాడుక పుస్తకాన్ని దించుకుని, కనెక్షన్ల పేజీ చూడండి. అమ్మకపు పేజీ వివరాల కంటే ఇది నమ్మదగినది.
- వెనక వైపు ఫొటో లేని టీవీని, పుస్తకం కూడా దొరకకపోతే, వదిలేయండి.
- పోర్టు లేదన్న కారణంతో వెనక్కి తీసుకుంటారా అన్నది ముందే చదవండి. టీవీ పనిచేస్తుంటే దాన్ని లోపంగా లెక్కించని అమ్మకందారులు ఎక్కువ.

8. ఇంట్లో బిగించి, ట్యూన్ చేసే వరుస

గోడకు బిగించే ముందు టీవీని బల్ల మీద నిలబెట్టి అన్ని తీగలూ కలిపి చూడండి. బిగించడానికి వచ్చిన సాంకేతిక సిబ్బంది తొందరపెట్టినా ఈ మెట్టును దాటవేయవద్దు.

1. టీవీ, పెట్టె రెండింటి కరెంటూ ఆపి తీగలు పెట్టండి. డిష్ తీగ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ తీగలో ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను పట్టే పరికరం) కోసం 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళుతుంది.
2. ప్రారంభపు ఏర్పాట్లలో దేశాన్ని భారత్‌గా ఎంచుకోండి. వేరే దేశాన్ని ఎంచుకుంటే అనలాగ్ శబ్దపు పద్ధతి మారిపోవచ్చు.
3. ఏవీ పెట్టెలకు: ఇన్‌పుట్ ఏవీగా మార్చి, పెట్టె మెనూలో వీడియో పద్ధతి పాల్ అని ఉందో లేదో చూడండి.
4. ఆర్‌ఎఫ్ తీగకు: తీగ పెట్టి, పెట్టెను ఆన్‌లో ఉంచి, అప్పుడు అనలాగ్ ఆటో ట్యూన్ నడపండి. పెట్టె ఆపి ఉండగా ట్యూన్ చేస్తే టీవీకి ఏమీ దొరకదు.
5. ఫ్రీ డిష్ నేరుగా టీవీకి: ఉపగ్రహాల జాబితాలో 93.5 డిగ్రీల తూర్పు, జీశాట్-15 ఎంచుకోండి. ఎల్‌ఎన్‌బీ యూనివర్సల్ రకమైతే 9750/10600 అన్న విలువలు ఉండాలి. ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్‌లో ఉంచి, తాళం లేని ఛానళ్లు మాత్రమే వెతకమని స్కాన్ నడపండి.
6. అన్నీ వచ్చాక ఇన్‌పుట్‌ల పేర్లు మార్చే వీలుంటే మార్చండి. ఏవీ అన్న చోట కేబుల్ అనో డిష్ అనో ఉంటే ఇంట్లో అందరికీ తేలిక.

పాత సిగ్నల్‌కు బొమ్మ అమరికలు కూడా మార్చాలి. టీవీ పెట్టెలో నుంచి వచ్చేటప్పుడు షార్ప్‌నెస్ ఎక్కువగా ఉంటుంది. ఎస్‌డీకి అది శత్రువు, మచ్చలను కూడా పదును పెడుతుంది. దాన్ని బాగా తగ్గించండి. నాయిస్ తగ్గించే ఎంపికను మధ్యస్థంగా ఉంచండి. కదలికలను నునుపుగా చూపించే ఎంపికను ఆపివేయండి. వివిడ్ మోడ్ నుంచి స్టాండర్డ్‌కో సినిమా మోడ్‌కో మారండి. ఏవీ ఇన్‌పుట్‌లో ఉండగానే ఈ మార్పులు చేయండి. చాలా టీవీలలో ఒక్కో ఇన్‌పుట్‌కూ అమరికలు విడిగా నిలుస్తాయి.

9. తరచుగా వచ్చే సమస్యలు, పరిష్కారాలు

బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోంది. పసుపు పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉండి, ఇన్‌పుట్ కాంపొనెంట్‌గా ఉందేమో చూసి ఏవీకి మార్చండి. అది సరిగానే ఉంటే పెట్టె మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా రంగుల పద్ధతి) అని ఉందేమో చూసి పాల్‌కు మార్చండి.

చిన్న రంధ్రపు తీగతో బొమ్మ రావడం లేదు, బుర్రుమనే శబ్దం వస్తోంది. తీగ లోపలి వరుస కుదరలేదు. పెట్టె నుంచి వచ్చే పసుపు పిన్నును పొట్టి తీగ ఎరుపు రంధ్రంలోనూ, తరువాత తెలుపు రంధ్రంలోనూ పెట్టి చూడండి. ఒకదానిలో బొమ్మ వస్తే మిగిలిన రెండు శబ్దానివి, అలాగే వాడుకోవచ్చు. దేనిలోనూ రాకపోతే ఆ టీవీ సంస్థ తీగే కొనాలి.

ఆర్‌ఎఫ్‌లో బొమ్మ ఉంది, మాటకు బదులు బుసబుస. శబ్దపు పద్ధతి తప్పు. బీ/జీలో శబ్దం బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది. ఐ పద్ధతిలో 6, డీ/కే పద్ధతిలో 6.5. మాన్యువల్ ట్యూనింగ్‌లోకి వెళ్లి సౌండ్ సిస్టమ్‌ను బీ/జీగా మార్చి సేవ్ చేయండి.

ఆర్‌ఎఫ్‌లో ఇసుక చల్లినట్టు చుక్కలు. సాధారణంగా తప్పు తీగ చివరి పిన్నుది. మధ్య రాగి తీగ వంగిందా, చుట్టూ ఉన్న వల పోగు ఒకటి మధ్య తీగకు తగులుతోందా చూడండి. కత్తిరించి కొత్త పిన్ను వేయిస్తే చాలావరకు పోతుంది. తీగ మరీ పాతదైతే ఆర్‌జీ-6 రకంతో మార్చండి.

ఒకే డిష్ తీగను చీల్చి పెట్టెకూ టీవీకీ ఇస్తే ఛానళ్లు వచ్చి పోతున్నాయి. రెండూ ఎల్‌ఎన్‌బీకి వేరువేరు వోల్టేజీలు పంపుతూ ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. రెండు అవుట్‌పుట్లు ఉన్న ఎల్‌ఎన్‌బీ వేయించి, రెండు తీగలు విడిగా దించుకోవాలి.

10. ఏవీ పోర్టు లేని టీవీని ఇప్పటికే కొన్నవారు

ముందుగా ఆపరేటర్‌ను అడిగి హెచ్‌డీఎంఐ ఉన్న పెట్టెకు మారడం ఎంత అవుతుందో కనుక్కోండి. అది కుదిరితే అంతకంటే మంచిది లేదు.

కుదరకపోతే, లేదా వీసీఆర్ వంటి మార్చలేని పరికరమైతే, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న కన్వర్టర్ కొనాలి. కొనేటప్పుడు దిశ సరిచూడండి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా అదే ఆకారంలో, అదే రంగులో ఉంటుంది, దానితో మన పని జరగదు. కన్వర్టర్‌కు యూఎస్‌బీ ద్వారా 5 వోల్టుల కరెంటు కావాలి. ఒక చివర మూడు రంగుల పిన్నులు, మరో చివర హెచ్‌డీఎంఐ ఉండి మధ్యలో ఏ పరికరమూ లేని తీగలను కొనవద్దు. అనలాగ్ సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చే భాగమే వాటిలో లేదు.

కన్వర్టర్ బొమ్మను మెరుగుపరచదు. 1080 అని దాని మీద ఉన్నా లోపలికి వచ్చేది ఎస్‌డీయే. 4:3 బొమ్మను సాగదీసి పంపే కన్వర్టర్లు ఎక్కువ కాబట్టి, టీవీ బొమ్మ పరిమాణపు ఎంపికలో 4:3 పెట్టుకోవాలి. మాటకూ పెదవుల కదలికకూ తేడా వస్తే టీవీలో గేమ్ మోడ్ వేసి చూడండి.

అనలాగ్ ట్యూనర్ కూడా లేని టీవీకి ఆర్‌ఎఫ్ సిగ్నల్ ఇవ్వాలంటే ఒక మార్గం ఉంది. మూలన పడి ఉన్న వీసీఆర్‌లో ట్యూనర్ పనిచేస్తుంటే ఆర్‌ఎఫ్ తీగ దానికి పెట్టి, దాని ఏవీ అవుట్‌ను కన్వర్టర్ ద్వారా టీవీకి పంపవచ్చు.

11. విదేశాల నుంచి తెచ్చే టీవీలు

అమెరికా నుంచి తెచ్చే టీవీ ట్యూనర్ అక్కడి ప్రసార పద్ధతికి మాత్రమే తయారవుతుంది. మన ఆర్‌ఎఫ్ సిగ్నల్ దానికి అర్థం కాదు. ఏవీలో పాల్ రంగులు రాకపోవచ్చు, సెకనుకు 50 సార్లు మారే మన పెట్టెల బొమ్మను హెచ్‌డీఎంఐలో కూడా తిరస్కరించే మోడళ్లు ఉన్నాయి. కరెంటు విషయంలో వెనక 100-240 వోల్టులు అని ఉంటేనే మన సాకెట్‌లో పెట్టాలి. పాత పెట్టెలతో వాడే ఉద్దేశముంటే అక్కడి నుంచి తేవద్దనే నా అభిప్రాయం. గల్ఫ్ దేశాల నుంచి తెచ్చే టీవీలు సాధారణంగా మన కరెంటుకూ పాల్‌కూ సరిపోతాయి. అయినా మోడల్ సంఖ్యతో పుస్తకం చూశాకే నిర్ణయించండి.

12. పాత టీవీని ఇచ్చేసే ముందు

ఎక్స్ఛేంజ్ పథకంలో కొంటే కొత్తది తెచ్చినవారే పాతదాన్ని అప్పటికప్పుడు తీసుకుపోతారు. పరీక్షించడానికి సమయం దొరకదు. ఏవీ, అనలాగ్ ట్యూనర్, ఫ్రీ డిష్ వీటిలో ఏ ఒక్కదాని మీద సందేహం మిగిలినా ఎక్స్ఛేంజ్ లేకుండా కొనండి. కొత్త టీవీలో మీ జాబితాలోని ప్రతి సిగ్నల్ పక్కనా టిక్కు పడ్డాక, వీడియో క్యాసెట్లు చూసే అవసరం ఇంకా ఉందో లేదో ఇంట్లో అందరినీ అడిగి, అప్పుడు పాత టీవీని అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించండి.